గట్టిగ రుద్దు

"గట్టిగ రుద్దు విజయా! అట్ల మెల్లగ రాస్తె ఆ పొక్కులెట్ల పోతయి?"

బాత్రూం తలుపు తీసే ఉండాలని ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేదు. కానీ అత్త రాజక్క మంచం మీద కూర్చుంటే కోడలు మనవరాలికి నీళ్ళు పోయడం కనబడాలి కాబట్టి, అది ఎప్పుడూ తీసే ఉండేది. విజయలక్ష్మి సున్నిపిండి చేతిలోకి తీసుకుని నాలుగేళ్ళ స్వరూప మోచేతి మడతలో రుద్దింది. పిల్ల పళ్ళు బిగబట్టి గోడ వంక చూస్తూ నిలబడింది. ఏడవడం మానేసి చాలా రోజులైంది.

పుట్టిన కొన్నాళ్ళకే ఆ పిల్ల ఒళ్ళు ఎండిన చెరువు మట్టిలా పగలడం మొదలైంది. అప్పటి నుంచి ఆ ఇంట్లో విజయ మీద విచారణ నడుస్తూనే ఉంది. కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నవు? గ్రహణం నాడు బయట తిరిగినవా? మామిడికాయ తిన్న మాట నిజం. చాటుగా, ఉప్పూ కారం అద్దుకుని తిన్నది. ఆ కాయ తర్వాత కూడా కలలోకి వచ్చేది. పాలిచ్చినన్నాళ్ళూ వంకాయ, గుడ్డు, పులుపు అన్నీ మానేసి చప్పిడి మెతుకులు మింగింది. భర్త సత్యనారాయణ అయితే ఎక్కువ మాట్లాడడు. "మా ఇండ్లల్ల ఇసొంటిది ఎవలికి లేదు" అని పేపరు తిప్పేవాడు. అంతే. ఆ ఒక్క మాటతో పిల్ల చర్మం మొత్తం విజయ పుట్టింటి ఖాతాలోకి పోయేది. ఆమె కూడా అవుననే అనుకునేది. రాత్రి పిల్ల గోక్కుంటుందని రెండు చేతులకూ పాత గుడ్డలు చుట్టి కట్టేటప్పుడు, నా కడుపున పుట్టకపోతే బాగుండేదేమో బిడ్డా అనుకునేది.

సత్యనారాయణకు ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి, అంటే కమీషన్ దుకాణం ఉంది. తాలు కాయలు ఏరడానికి, తొడిమలు తీయడానికి కొన్ని బస్తాలు ఇంటికే వచ్చేవి. కూలి మనుషులెందుకు, ఇంట్లో విజయ ఉండగా? ఒకసారి చేతులు మండుతున్నాయంటే, "కూసోని చేసే పనే గద, ఏమన్న నౌకరి చేస్తున్నవా?" అన్నాడు నవ్వుతూ. ఆ చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా ఘాటు పోయేది కాదు. ఆ చేతులతోనే పిల్లను ఎత్తుకునేది.

ఎనభై నాలుగు ఎండాకాలంలో, ఆడబిడ్డను చూడడానికి పరకాల నుంచి పెళ్ళివారొచ్చారు. వాళ్ళు రాకముందే రాజక్క కోడల్ని పక్కకు పిలిచింది.

"పిల్లను ఎనుక అర్రల పెట్టి గొళ్ళెం ఎయ్యి. చూసినోళ్ళు కుష్టనుకుంటరు. నా బిడ్డ పెండ్లి చెడుతది."

"అత్తమ్మా, ఆ అర్రల మిరపకాయ బస్తాలున్నయి..."

"అమ్మ చెప్పింది ఇను. జర సేపే గద" అన్నాడు సత్యనారాయణ, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

విజయ గొళ్ళెం వేసింది. అవును, ఆమే వేసింది. తర్వాత పట్టుచీర కట్టుకుని మిక్చరు ప్లేట్లు అందించింది. ఎంతమంది పిల్లలని పెళ్ళికొడుకు తల్లి అడిగితే, "ఒక బిడ్డ, అమ్మమ్మగారింటికి పోయింది" అని నవ్వింది. వెనుక గది నుంచి దగ్గు వినబడింది. ఎవరికీ వినబడకుండా ఉండాలని మొక్కుకున్నది.

వాళ్ళు వెళ్ళాక తలుపు తీస్తే స్వరూప కళ్ళు వాచిపోయి, మెడంతా గోక్కుని, గౌను నిండా నెత్తురు మరకలతో ఉంది. రాజక్క చూసి నెత్తి కొట్టుకుంది. "ఇదేం తల్లితనమే! పట్టుకపోయి నీళ్ళన్న పొయ్యి."

పోసింది. సున్నిపిండి చాలదని సబ్బు కూడా పెట్టింది. గొళ్ళెం వేసిన చేత్తోనే రుద్దింది. ఆ రోజు విజయ కోపం అత్త మీద, మొగుడి మీద, ఆ మిక్చరు ప్లేట్ల మీద. కానీ చేతికింద ఉన్నది పిల్ల వీపు. చర్మం లేచి చేతికి వచ్చేదాకా ఆగలేదు. ఆగాక పిల్ల మొహం చూసింది. అప్పుడు కూడా స్వరూప గోడ వంకే చూస్తోంది.

తెల్లారేసరికి పుండ్లు రసి కారి జ్వరం వచ్చింది. విజయ ఎవరినీ అడగలేదు. రిక్షా ఎక్కించుకుని దవాఖానకు తీసుకుపోయింది.

చర్మం చూసే డాక్టరమ్మ వయసులో చిన్నది. పిల్ల చేతిని తన అరచేతిలో పెట్టుకుని అడిగింది. "దీన్ని రుద్దుతున్నది ఎవరు?"

"నేనే."

"ఇంకొక్క దినం కూడా రుద్దకండి. ఇది మురికి కాదమ్మా. తోలు పైపొరల సందుల్లో ఒక రకం కొవ్వు ఉంటుంది, ఇటుకల మధ్య గచ్చులాగా. అది ఉంటేనే లోపలి తడి లోపల నిలుస్తుంది, బయటి దుమ్మూ ధూళీ బయట ఆగుతాయి. ఈ పిల్లకు పుట్టుకతోనే ఆ కొవ్వు తక్కువ. సబ్బూ పిండీ పెట్టి ఆ ఉన్న కాస్తా మీరు తీసేస్తున్నారు. గోరువెచ్చని నీళ్ళు పోయండి, తడి ఆరకముందే వాజలీను రాయండి. ఇంట్లో మిరప దుమ్ము ఉండొద్దు."

"మామిడికాయ తిన్న డాక్టరమ్మా. కడుపుతోని ఉన్నప్పుడు."

డాక్టరమ్మ నవ్వలేదు. "దానితో కాదు. మీ ఇండ్లల్లో ఎవరికన్నా ఆయాసముందా? ఆయాసమూ ఈ తోలు జబ్బూ ఒక్కోసారి ఒకే వంశంలో వస్తాయి."

రాజక్కకు ఉంది. చలికాలం వస్తే ఊపిరాడక రాత్రంతా కూర్చునే ఉంటుంది. రిక్షాలో తిరిగొస్తున్నంతసేపూ ఆ మాట విజయ నాలుక మీద ఆడింది. తీసుకుపోయి అత్త ముందు పడేస్తే? మా ఇండ్లల్ల లేదన్నరు గద అని మొగుడిని నిలదీస్తే? కానీ ఎంతసేపు తిప్పి చూసుకున్నా ఆ మాటలో తనకు సంతోషం దొరకలేదు. మామిడికాయ మీద నుంచి దిగిన నేరం నేరుగా వచ్చి చేతుల మీద కూర్చుంది. తిన్నదానికి కాదు, రుద్దినదానికి. మంట అని పిల్ల మొదట్లో చెప్పింది కదా. ఎన్నోసార్లు చెప్పింది. వినబడలేదా? వినబడింది.

జ్వరం తగ్గి పుండ్లు ఆరిన తర్వాత మళ్ళీ నీళ్ళు పోసే రోజు వచ్చింది. ఆ లోపలే విజయ వెనుక గదిలోని బస్తాలను హమాలీతో మార్కెట్‌కు పంపించేసింది. "తొడిమెలు ఎవలు తీస్తరు?" అని సత్యనారాయణ అరిస్తే, "కూలోళ్ళను పెట్టుకోండి. నేను తియ్య" అన్నది. మాట వెనక్కి తీసుకోలేదు.

స్వరూపను బాత్రూంలోకి తీసుకుపోయి తలుపు మూసింది. బయట రాజక్క గొంతు లేచింది. "తలుపెందుకేసినవే? సున్నిపిండి ఈడనే ఉన్నది!"

"వద్దత్తమ్మా."

గోరువెచ్చని నీళ్ళు మెల్లగా భుజాల మీద పోసింది. పిల్ల అలవాటుగా కళ్ళు మూసుకుని, పళ్ళు బిగబట్టి, మోచేతులు తనంతట తనే ముందుకు చాచింది. ఎంతసేపటికీ ఏమీ జరగకపోయేసరికి ఒక కన్ను తెరిచింది.

"రుద్దవా?"

"రుద్ద బిడ్డా. ఇగ ఎన్నడు రుద్ద."

స్వరూప రెండో కన్ను కూడా తెరిచింది. "మరి మొన్నటిదాంక ఎందుకు రుద్దినవ్?"

తలుపు అవతల అలికిడి ఆగిపోయింది. నాయినమ్మ రుద్దుమన్నది అని చెప్పొచ్చు. అబద్ధం కూడా కాదు. విజయ తడి నేల మీద పిల్ల ఎత్తుకు దిగి కూర్చుంది.

"అందరికి భయపడి రుద్దిన. నీకు నొస్తున్నదని తెలిసి సుత రుద్దిన. తప్పు నాదే బిడ్డా."

పిల్ల వాజలీను డబ్బా వంక, తల్లి చేతుల వంక చూసింది. ఆ తర్వాత మెల్లగా తిరిగి, వాజలీను రాయమన్నట్టు వీపు తల్లి వైపు పెట్టి నిలబడి, బావురుమని ఏడ్చింది.