వల వెనుక మనిషి

మలకీ టూహీ మూడు ఉత్తరాలు పళ్ళ మధ్య కరచుకుని, ఎడమచేత్తో కుక్కకు బిస్కట్టు పడేసి, కుడిచేత్తో మోసీ హన్రహన్ గేటు గొళ్ళెం ఎత్తాడు. ఇరవయ్యారేళ్ళుగా ఇదే వరస. కుక్కలు మారాయి, గొళ్ళెం మారలేదు. అరవై నాలుగేళ్ళ పొడుగాటి పోస్ట్‌మాన్. సంచీ మోసిన భుజం రెండోదానికన్నా రెండంగుళాలు కిందికి జారి ఉంటుంది.

గురువారం సంచీలో వారపత్రికలుంటాయి. నాక్‌మోయిల్ ఊరివాళ్ళు కర్రలతో బంతి కొట్టి ఆడే హర్లింగ్ ఆటల గురించి అందులో రాసేదీ మలకీయే. రాసినవాడే తెచ్చి చేతికివ్వాలి. అందుకే తనకు తానే ఒక కట్టడి పెట్టుకున్నాడు. గుమ్మంలో నిలబడి ముఖం మీద అనలేనిది రాయకూడదు. పద్దెనిమిది నిండని పిల్లల పేరు అసలే ఎత్తకూడదు.

పోయిన ఆదివారం ఊరి జట్టు ఒక్క గోలు తేడాతో ఓడింది. గోల్‌కీపర్ కాథల్ మినోగ్‌కు పంతొమ్మిదేళ్ళు. వారమంతా టైర్ల షాపులో పని, సెలవురోజున ఊరికోసం ఊరికే ఆట. నాలుగు రోజులుగా ఊళ్ళో ఫోన్లన్నీ వాణ్ణే నంజుకుంటున్నాయి. మలకీ మాత్రం ఒక్క వాక్యం రాశాడు: "మూడో గోలు పడేటప్పుడు గోల్‌కీపర్ వల వెనుక మనిషితో మాట్లాడుతున్నాడు."

మోసీ పత్రిక అక్కడే విప్పాడు. "ఒక్క ముక్కేనా? ఇంకో నాలుగు తగిలించాల్సిందయ్యా! నా ఆవుని నిలబెట్టినా ఆ బంతి ఆపేది."

"నీ ఆవు సోమవారం పొద్దున్నే లేచి టైర్లు మార్చదుగా."

"మరి నువ్వెందుకు రాశావ్?"

"చెయ్యి జారితే రాయను. చూపు జారింది, రాశాను."

ఆ మాట తనకే నచ్చి, దాన్ని నెమరేసుకుంటూ వ్యాను నడిపాడు.

తరువాతది కాథల్ ఇల్లు. వాడి తల్లి నూలా రోజూ కిటికీ గట్టుమీద మలకీకి టీ పెడుతుంది. ఈరోజు గట్టు ఖాళీ. తలుపు సగమే తెరుచుకుంది.

"టీ లేదు. పాలు విరిగిపోయాయి."

ఆమె వెనకాల బల్లమీద నిండు సీసా, పిల్లి కూడా నమ్మని అబద్ధంలా తెల్లగా మెరుస్తోంది.

"ఉన్నదే రాశానమ్మా."

"ఉన్నదేలే! వాడు ఆట కర్ర తీసుకెళ్ళి పొయ్యిలోకి కొట్టిన కట్టెల్లో పడేశాడు. శనివారం ఆడడట. ఇక ఎప్పుడూ ఆడడట."

లోపలినుంచి కాథల్ వచ్చాడు. తలుపంత వెడల్పు కుర్రాడు, చేతిలో రొట్టెముక్క.

"నువ్వు అబద్ధం రాయలేదు మలకీ. సగం రాశావు."

"ఏ సగం వదిలానురా?"

"వల వెనకాల మనిషెవరు?"

మలకీ సంచీ సర్దుకున్నాడు.

"పద్నాలుగో నంబరువాడి పేరేంట్రా అని అడిగిందెవరు? పెన్సిల్ చెవిమీద పెట్టుకుని? 'మార్టీన్ లాఫ్నన్' అని నేను చెప్పేలోపే ఆ లాఫ్నన్ గోలు కొట్టాడు."

నూలా మెల్లగా మలకీ వైపు తిరిగింది. "నువ్వా?"

"పత్రికకి పేర్లు కావాలి కదమ్మా..."

"వాడి పేరు మాత్రం తప్పు లేకుండా రాశాడు," అన్నాడు కాథల్, రొట్టె నములుతూ.

మలకీ చెవులు ఎర్రబడ్డాయి. ఇరవయ్యారేళ్ళలో మొదటిసారి ఆ గుమ్మంలో తన కట్టడికి తానే దొరికాడు. జేబులోంచి 'మీరు ఇంట్లో లేరు' అని వదిలే కార్డు తీసి, కిటికీ గట్టుమీద పెట్టి వెనకవైపు రాశాడు. రాసింది పైకి చదివాడు:

"వల వెనుక మనిషి ఈ విలేఖరే. గోల్‌కీపర్ తల తిప్పింది ఇతని ప్రశ్నకే. ఆ గోలు ఇద్దరిదీ."

"ఇద్దరిదేంటి? ముప్పాతిక నీది," అంది నూలా.

"తల వాడిది కదమ్మా. సగమే తీసుకుంటాను."

కాథల్ చివరి రొట్టెముక్క నోట్లో వేసుకున్నాడు. "సగం సరే," అని పెరట్లోకి వెళ్ళాడు. కట్టెలు కదిలిన చప్పుడైంది.

నూలా సీసా మూత తీసి వాసన చూసింది. "బాగానే ఉన్నట్టున్నాయి పాలు."

ఆ కార్డును కవరులో పెట్టి, తపాలా బిళ్ళ అంటించి, పత్రికకు తన చేతులతోనే పోస్టు డబ్బాలో వేశాడు మలకీ.

శుక్రవారం పొద్దున మోసీ గేటు దగ్గర వ్యాను ఇంజను చాలాసేపు ఆగకుండా తిరిగింది. మోసీ విసుక్కుంటూ వచ్చేసరికి మలకీ స్టీరింగు మీద తల ఆన్చి ఉన్నాడు. కుక్క కిటికీ కింద కూర్చుని బిస్కట్టు కోసం చూస్తోంది.

మలకీ అంత్యక్రియల కోసం శనివారం ఆట వారం వాయిదా పడింది. మధ్యలో గురువారం పత్రిక వచ్చింది. అందులో ఆ మూడు వాక్యాలు అక్షరం మారకుండా ఉన్నాయి.

ఆటరోజున కాథల్ వలముందు నిలబడ్డాడు. వెనకనుంచి ఎవరో, "ఒరేయ్, పన్నెండో నంబరువాడి పేరేంట్రా!" అని వేళాకోళమాడారు. వాడు తల తిప్పలేదు. ఆఖరి ఈల మోగాకే వెనక్కి చూశాడు.

వల వెనుక కమ్మీకి మలకీ కట్టేసిన మడతపీట అక్కడే ఉంది. వానకు తడిసి, దాని కోడుకు దారంతో వేలాడుతున్న పెన్సిల్ ముక్క గాలికి అటూ ఇటూ ఊగుతోంది.