జనరేటర్ ఆగిన చోటు

నేను ఒక రీఫర్ కంటైనర్‌ని. అంటే లారీ మీద ఊళ్లు తిరిగి, ఓడెక్కి సముద్రాలు దాటే పెద్ద ఫ్రిజ్‌ని. ఎక్కడో చలిదేశంలో, రేవు పక్కనున్న కార్ఖానాలో నన్ను అతికారు. రేకుకీ రేకుకీ మధ్య చలి పోకుండా నురగ నింపి, ఒక కొసన ఫ్యాన్లు బిగించి లోకం మీదికి వదిలారు. ఆపిల్ పండ్లు మోశాను, మందులు మోశాను, అన్నిటికంటే ఎక్కువగా రొయ్యలు మోశాను. బతికున్నంతకాలం బురదనీళ్లలో ఉంచిన ప్రాణికి చచ్చాక ఇంత చలవ ఏర్పాట్లు చేయడం మనుషులకే చెల్లింది.

విశాఖపట్నంలో నన్ను మోసే లారీ గణపతి నాయుడిది. దాని డ్రైవరు సూరిబాబు. అతని సంగతి ఎవరడిగినా నాయుడు, "మావోడు సుక్క డీజిల్ ముట్టడు" అని గొప్పగా చెప్పుకునేవాడు. నాకు నవ్వొచ్చేది. తుని దగ్గర ఒక హోటల్ వెనక లారీ ఆపి, నాకు కరెంటిచ్చే జనరేటర్ కాసేపు కట్టేసి, దాని ట్యాంకులోంచి గొట్టంతో డీజిల్ లాగి అమ్మడం సూరిబాబుకి అలవాటు. తలుపులు మూసి ఉంటే ఆ కాసేపటికి రొయ్యలకేమీ కాదు. ఆ కిటుకు ఆ రోడ్డు మీద చాలామంది డ్రైవర్లకి తెలుసు.

అసలు పాపం వేరేచోట జరిగింది. నేను విశాఖలో కంటైనర్లు పెట్టే యార్డులో ఖాళీగా పడి ఉండగా, పట్టపగలే, మెకానిక్కుల వేషంలో ఇద్దరు వచ్చారు. నా లోపలి ఫ్యాన్ల పలక విప్పి, దాని వెనక మత్తుమందు పొట్లాలు పేర్చి, పలక బిగించి, తమ చెప్పుల మరకలు కూడా తుడిచి వెళ్లారు. అంత శుభ్రంగా నన్ను రొయ్యల కంపెనీవాళ్లు కూడా ఏనాడూ తుడవలేదు. నోరుంటే అరిచేదాన్ని. మర్నాడు సూరిబాబు నన్ను భీమవరం తీసుకెళ్లి, రొయ్యలు నింపించి, తిరుగుదారిలో అలవాటు ప్రకారం తుని దగ్గర ఆగి, విశాఖ రేవుకి చేర్చాడు. అక్కడి తనిఖీ యంత్రం కింద పొట్లాలు బయటపడ్డాయి.

కస్టమ్స్ అధికారిణి వసుంధర నా మీటరు చూసింది. దారిలో జనరేటర్ ఆగినట్టు అందులో ఉంది.

"ఎందుకు ఆపావు?" అని అడిగింది.

"నానాపనేదమ్మా. దానంతటదే ఆగిపోనాది," అన్నాడు సూరిబాబు.

మెకానిక్కు వచ్చి చూసి జనరేటర్‌కి ఏ రోగమూ లేదన్నాడు. ఇంకేముంది, పొట్లాలు పెట్టింది అప్పుడేనని అందరూ అనుకున్నారు. రొయ్యలు నింపాక నా తలుపుకి వేసిన సీలు సరిగ్గానే ఉంది గానీ, దొంగసీళ్లు దొరకని ఊరేది?

ఒక్క ముక్క నిజం చెబితే సూరిబాబు బయటపడతాడు. కానీ నాయుడు పక్కనే ఉన్నాడు. తిండీ నిద్రా మానేసి, వకీలుని వెంటబెట్టుకుని, "నా బిడ్డలాంటోడమ్మా" అని అందరి కాళ్లావేళ్లా పడుతున్నాడు. ఆయన ముందు ఆ ముక్క చెప్పడానికి సూరిబాబుకి మొహం చెల్లడం లేదు. జైలుకైనా పోతాడు గానీ నోరు విప్పేలా లేడు.

చివరికి అతని భార్య నూకరత్నం వచ్చింది. నా తలుపు పక్కనే, అధికారుల ఎదుటే మొగుడి చొక్కా పట్టుకుంది.

"డీజిల్ అమ్మినావని సెప్పీసీ మావా. సిగ్గుకోసం జైల్లో కూకుంటావేటి? నానూ పిల్లా ఏటైపోవాల?"

సూరిబాబు నేల చూపులు చూస్తూ అంతా చెప్పేశాడు, ఏ హోటలో, ఎవరు కొంటారో కూడా.

"ఎన్నాళ్లనించిరా?" అని అడిగాడు నాయుడు.

"మొదట్నించీ బాబూ."

నాయుడు లారీ మెట్టు మీద కూలబడ్డాడు.

హోటల్ కెమెరాలో అన్నీ కనిపించాయి: గొట్టం, డబ్బా, సూరిబాబు. నా తలుపు దరిదాపులకి ఎవరూ రాలేదు. అతన్ని వదిలేశారు. యార్డు కెమెరాలో కనిపించిన ఆ ఇద్దరు దొంగ మెకానిక్కుల కోసం ఇంకా వెతుకుతున్నారు. కేసు తేలేదాకా సాక్ష్యం కావాలని నన్ను రేవులోనే ఒక మూల దింపించి, కరెంటు పీకేశారు.

దింపిన రోజున సూరిబాబు భార్యతో వచ్చి నాయుడి ముందు నిలబడ్డాడు.

"నా తప్పు నేదని తేలిపోనాది బాబూ. బండెక్కమంటారా?"



"ఎలాగ తేలిందిరా? నాకాడ దొంగతనం సేసినావని తేలబట్టే కదా," అని నాయుడు లారీ తాళం కోసం చెయ్యి చాచాడు.

నాకు ఇద్దరి మీదా జాలేసింది. సూరిబాబు తాళం ఇచ్చేశాడు. నూకరత్నం అతని చెయ్యి పట్టుకుని గేటు వైపు నడిపించింది. నాయుడు లారీ ఎక్కి కూర్చున్నాడు గానీ, వాళ్లిద్దరూ కనుమరుగయ్యేదాకా స్టార్టు చేయలేదు.