ఎక్కడా పట్టేయకుండా

రెక్క తుడవడమంటే బల్ల తుడిచినట్టు కాదు. గుడ్డ ఒకే వైపుకి లాగాలి, కీలు దగ్గర మురికి వేలితో మెల్లగా తీయాలి. జిడ్డు కింద సన్న పగులుంటే తనిఖీ మేడం కంటికి అందాలి. ఆవిడ సరేనంటే తప్ప ఏ విమానమూ ఎగరదు. పొద్దుటి వెలుగులో ఈ చిన్న విమానాలు నిద్రలో ఒత్తిగిలబోతున్నట్టుంటాయి. గుడ్డ ఆడుతుంటే నేనూ ఎక్కడికో పోతాను.

చేరిన కొత్తలో ఒక తమాషా జరిగింది. మేడం లోపల కూర్చుని చక్రం తిప్పుతుంటే, రెక్క వెనకంచున తలుపులాంటి పలక పైకీ కిందికీ ఊగుతోంది. విమానం ఒరగాలన్నా తిరగాలన్నా అదే ఆధారమట. మెకానిక్ "ఫ్రీ!" అని అరిచాడు. నా గురించే అనుకుని ఉలిక్కిపడ్డాను. "ఖాళీగా లేనయ్యా, తుడుస్తూనే ఉన్నా!" అన్నాను. షెడ్డంతా నవ్వు. మేడం మాత్రం దిగొచ్చి, "ఎక్కడా పట్టేయకుండా ఈ చివర్నించి ఆ చివరిదాకా కదిలితే ఫ్రీ అంటామమ్మా" అంది.

నాకేం తెలుసు! ఆ మాట నేను ఇంట్లో నేర్చుకున్నాను. "దానికేం, ఫ్రీగానే ఉంటుంది, పంపిస్తాలే" అంటూ మా ఆయన తన చెల్లెళ్ల పురుళ్లకీ, పెద్దనాన్న మంచం దగ్గరికీ నన్ను పంపేవాడు. ఆయన పోయాక అత్తగారు "ఇప్పుడింక పూర్తిగా ఫ్రీ" అంది, ఏడుస్తూనే. ఆ తీరికలోనే ఎవరికీ చెప్పకుండా అక్షరాలు దిద్దుకున్నాను. రెక్క వెనకంచున ఊగే ఆ పలక మీద "కాలు పెట్టరాదు" అని రాసుంటుంది. కూడబలుక్కుని అది చదివిన రోజు చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. ఒంటి మీద అలా రాసుకోవచ్చని నాకెప్పుడూ తోచనే లేదు.

నిన్న అబ్బాయి ఫోన్. "అమ్మా, ఆయాని మానిపించేశాం. రెండో బిడ్డ కూడా రాబోతోంది కదా. ఆ తుడుపు పని మానేసి నెలాఖరుకి వచ్చేయ్. నువ్వెలాగూ ఫ్రీయేగా." వెనకనుంచి కోడలు, "అత్తయ్య కాదంటారా ఏంటి!" అంది ముద్దుగా. రేపు చెబుతానన్నాను, నా చేతిలో ఏముందిలే అనుకుంటూనే.

ఇవాళ తోక పలక వంతు. మేడం అరచేత్తో ఎత్తింది, దించింది, కళ్లు మూసుకుని మళ్లీ ఎత్తింది. మధ్యలో ఒక్కచోట పట్టింది.

"కదుల్తోందిగా మేడం," అన్నాడు మెకానిక్. "ఓనరుగారు బయట కార్లోనే ఉన్నారు."

"నెడితే కదుల్తోంది బాబూ. ఫ్రీగా లేదు. ఇది ఎగరదు."

"అంత చిన్న పట్టుకేనా?"

"పైన గాల్లో పట్టేస్తే దిగొచ్చి చూస్తావా?"

అంతే. అంత పెద్దమనిషి, ఆ ఓనరు కూడా తన పెట్టెతో కార్లోనే వెనక్కి వెళ్లిపోయాడు. నేను గుడ్డ పట్టుకుని తోక కిందే ఉన్నాను. షెడ్డంతా నీళ్లమీద తేలుతున్నట్టుంది. నెడితే కదిలాను నేను. ఇన్నేళ్లూ ఎవరు ఎటు నెడితే అటు. కదుల్తోందిగా అనుకున్నారందరూ, నేను కూడా. ఒక్కళ్లూ అరచెయ్యి వేసి చూడలేదు.

గుడ్డ ఆరేసి అబ్బాయికి ఫోన్ చేశాను.

"నాన్నా, ఆయాని మళ్లీ పిలుచుకోండి. నాకిక్కడ పనుంది."

"అదేంటమ్మా! అయితే రానే రావా?"

"ఎందుకు రాను? సెలవు దొరికినప్పుడు వస్తాను. చుట్టంలా వస్తాను. గుమ్మంలోకి ఎదురొచ్చి, అలిసిపోయావా అమ్మా అని అడగాలి మరి."