ఇంపి అడిగిన మాట

మా ఊరు లెప్పాలహ్తిలో దేన్నయినా మెచ్చుకోవాలంటే "ఎయ్ హుల్లుంపి" అంటాం. హుల్లు అంటే పిచ్చి. దానికి 'ంపి' అని తోక తగిలిస్తే ఇంకా పిచ్చి. ముందు 'ఎయ్' చేరిస్తే, ఇంకా పిచ్చిగా ఏం లేదని. దేనికన్నా అని ఎవరూ అడగరు, అడిగినా చెప్పేవాళ్లు లేరు. పెళ్లికూతురైనా, కొత్త పడవైనా, ఆవిరిస్నానమైనా ఆ మాట పడిందంటే సంతోషంగా ఇంటికి పోవచ్చు. మేం సావో ప్రాంతం వాళ్లం. మా నోట్లోంచి పొగడ్త రావడం కన్నా పన్ను ఊడిరావడం తేలిక.

ఆ మాట తనకి చాలదని మా పక్కింటి ఇంపికి ఒక చలికాలం పొద్దున హఠాత్తుగా తెలిసొచ్చింది.

నేను కాఫీ వంకతో వాళ్లింట్లోనే కూర్చున్నాను. ఇంపి చేపరొట్టె కాల్చింది. రై ధాన్యం పిండి ముద్దలో చిన్నచేపలూ పందికొవ్వూ కూరి, మూసేసి, పొయ్యిలో రోజంతా మగ్గబెడతాం. ఇంపి మొగుడు తావెత్తి పైపెచ్చు కోసి, తిని, మీసం తుడుచుకుని, పెళ్లయిన నాటి నుంచీ అంటున్నదే మళ్లీ అన్నాడు.

"ఎయ్ హుల్లుంపి."

"దేనికన్నా?" అంది ఇంపి.

తావెత్తి చెయ్యి గాల్లో ఆగింది. నా కప్పు కూడా.

"దేనికన్నా ఏంటే?"

"నా రొట్టె దేనికన్నా పిచ్చిగా లేదు? ఇన్నేళ్ల నుంచి తింటున్నావు. ఒక్కసారి 'పరస్' అను ముసలోడా. అన్నిటికన్నా మంచిదని అను. నీ నోరేం అరిగిపోదు."

"ఎలా అంటానే? అన్నీ తిన్నానా?"

"పెళ్లాంతో అనడానికి అన్నీ తినాలా?"

"తినకుండా అంటే అబద్ధమవుతుంది ముసలీ."

"సరే. నేను కువోపియోలో మా అక్క ఐలి దగ్గరికి పోతున్నా. చుట్టపుచూపుగా కాదు, మొత్తానికే."

మంచం కింది నుంచి పెట్టె లాగింది. ఇంపి బెదిరించే మనిషి కాదు, అన్నదంటే చేస్తుంది. నిజం చెప్పొద్దూ, నాకు భయం వేసింది. వాళ్లిద్దరి కాపురం లేకపోతే నా కిటికీలోంచి చూడ్డానికి సరస్సు తప్ప ఏం మిగులుతుంది?

అందుకే పరుగెత్తుకెళ్లి రోంక్కో మాస్టారుని పట్టుకొచ్చాను. మా అందరికీ వ్యాకరణం నేర్పింది ఆయనే.

"లోకమంతా తిరగక్కర్లేదు తావెత్తీ," అన్నాడాయన టోపీ తీస్తూ. "కళ్లముందున్న వాటిలో అనుకుంటే చాలు. ఈ వంటింట్లో ఉన్న రొట్టెల్లో ఇదే పరస్ అని అనేయి."

"వంటింట్లో ఉన్నది ఒక్కటేగా మాస్టారూ."

"అయితే ఇంకా సులువు."

"ఒక్కటే ఉంటే అన్నిటికన్నా మంచిదీ అదే, అన్నిటికన్నా చెడ్డదీ అదే కదండీ?"

మాస్టారు మంచివాడే కానీ వ్యాకరణం దగ్గర ఎవరికీ మొహమాటపడడు. గడ్డం గోక్కుని, "ఆమాటకొస్తే అవును, చెడ్డది కూడా అదే" అన్నాడు.

ఇంపి మిగతాదంతా వదిలేసి ఆ చివరి ముక్క పట్టుకుంది. తలుపు తీసి రొట్టెని మంచులోకి గిరాటేసింది. మాస్టారు టోపీ కూడా దాని వెనకే వెళ్లింది.

ఇక దారి ఒక్కటే ఉందని తావెత్తి తేల్చాడు. చుట్టుపక్కల చేపరొట్టెలన్నీ తిని వస్తాడు, వచ్చి నిజం చెబుతాడు. సరస్సు మీద మంచు కరిగేదాకా ఆగుతానంది ఇంపి. పెట్టె మాత్రం కట్టేసి గుమ్మం పక్కన పెట్టింది. అతను కాలితో తన్నుకుంటూ పోయే మంచుబండి ఎక్కి, గడ్డకట్టిన సరస్సు మీదుగా వెళ్లిపోయాడు. మొండితనంలో ఇద్దరూ ఇద్దరే.

మా వీధిలో ఫోనున్నది నాకే. వారం తిరక్కుండానే మోగడం మొదలైంది.

"సైమీ, మీ తావెత్తి మా ఇంట్లో కడుపునిండా తిని 'ఇంపిదానికన్నా ఉప్పెక్కువ' అని పోయాడు. ఎవరా ఇంపి?"

"ఇంపిదానికన్నా పెచ్చు మందంట. మా అత్తగారు మంచం పట్టింది."

"ఇంపి ఎన్ని చేపలు పెడుతుందో కనుక్కుని చెబుదూ. మా ఆయన అన్నం మానేసి కూర్చున్నాడు."

నీళ్ల అంచుకి ఇంకాస్త దగ్గరగా జరగమనడానికి 'ఒడ్డు' అనే మాటకి కూడా ఆ 'ంపి' తోక తగిలించి, ఇంకా ఒడ్డుగా జరుగు అంటాం మేం. మాకు మనిషి పేరొక లెక్కా? పొరుగూళ్లలో ఆడవాళ్లు ఒకళ్ల రొట్టె ఒకళ్లు రుచి చూసి, "ఈసారి నీది కాస్త ఇంపింపిగా వచ్చిందే" అనుకోవడం మొదలెట్టారు. ఒక ఊరి చర్చిలో అమ్మకానికి పెట్టిన రొట్టెల మీద 'దాదాపు ఇంపి' అని రాశారట. అది చూసి పాస్టరు ఆ మాట పవిత్ర గ్రంథంలో ఎక్కడుందో తెలీక కంగారుపడ్డాడట.

ఇవన్నీ నేను ఇంపికి పూస గుచ్చినట్టు చెప్పాను. ఆమె ముఖం ఇంకా మాడిపోయింది.

"ఊరూరా తిరిగి నా పేరు చెబుతున్నాడు. నాతో అనడానికే నోరు పెగల్దు," అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లలో ఆమె కంటతడి నేనెప్పుడూ చూడలేదు. ఆ ముసలాడి మీద నాకు ఒళ్లు మండిపోయింది.

మంచు నల్లబడి సరస్సు అంచుల్లో నీళ్లు తేలుతున్న రోజున తావెత్తి తిరిగొచ్చాడు. కోటు గుండీలు పట్టనంత లావయ్యాడు. ఇంపి కూడా కోటు వేసుకునే ఉంది, చేతిలో పెట్టె. నేను వెళ్లొద్దని చెప్పడానికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాను.

"అన్నీ తిన్నావా?" అంది.

"తిన్నా."

"కువోపియోలో?"

"కువోపియోలోనూ తిన్నా. బజార్లో తిన్నా, రేవు దగ్గర తిన్నా."

"మా అక్కది?"

తావెత్తి నేల చూపులు చూశాడు. "వెళ్లాను. కోసి, పళ్లెంలో పెట్టింది. తినలేదు."

"ఎందుకని?"

"వాసన బావుంది."

ఇంపి పెట్టెని రెండో చేతికి మార్చుకుంది.

"నోట్లో పెట్టుకున్నాక నీదానికన్నా బావుందనిపిస్తే, వచ్చి నీకు అదే చెప్పాలి గదే. నేను అబద్ధమాడలేనని నీకు తెలుసు. చెబితే నువ్వు పోతావు. అందుకని లేచి వచ్చేశా." ముక్కు తుడుచుకున్నాడు. "ఒకటి తినకుండా వదిలేశాక ఇంక పరస్ అనడానికి లేదు. నువ్వు అడిగిన మాట నేనిక ఎప్పటికీ అనలేను ఇంపీ. పోతే పో."

నేను ఇంతసేపూ తిట్టుకున్నవన్నీ లోపలే మింగేశాను.

ఇంపి పెట్టె కింద పెట్టింది.

"మా అక్క రొట్టె నాదానికన్నా..." అని మొదలెట్టింది, మెల్లగా. "చిన్నప్పటి నుంచీ..."

"చెప్పకు," అన్నాడు తావెత్తి. రెండు చెవులూ గట్టిగా మూసుకుని కళ్లు కూడా మూసుకున్నాడు.

ఇంపి కోటు విప్పింది. పెట్టె తెరిచి, మడతపెట్టిన వంటగుడ్డ తీసి నడుముకి కట్టుకుంది.