కొరిన్ నేర్చిన మాటల బరువు

పొద్దున ఆరు. మంచు కురవడం లేదు గానీ గాలి దిక్కు మారుతోంది. మార్లీన్ పొయ్యిమీద ఓట్స్ ఉడికిస్తూ చీటీలు తీసి కూతురు కొరిన్‌ని ప్రశ్నలడుగుతోంది. చీటీకి ఒక పక్క ఇంగ్లీషు మాట, వెనక దాని అర్థం.

కొరిన్ సరిగ్గా చెప్పినప్పుడల్లా కుర్చీ కిర్రుమంటోంది. నేర్చిన మాట బరువు ఆ పిల్ల ఒంట్లోనే ఉండిపోతుంది. సగం సగం వచ్చినదానికి బరువుండదు, పూర్తిగా వంటబట్టాలి. ఎండాకాలంలోనే మంచం కింద ఇటుకలు పెట్టారు, మెట్లకు కొత్త చెక్కలు వేశారు. తమవాడు చదివినప్పుడు ఇంట్లో నేల చెక్కలన్నీ మార్చుకోవాల్సొచ్చిందని పక్కింటావిడ చెప్పిపోయింది.

కాలేజీ ప్రవేశ పరీక్ష రేపే, అవతలి ఒడ్డున. కానీ ఇది డిసెంబరు. దీవిలో అందరూ రాతిరొయ్యలు పట్టే బరువైన బోనులు నీళ్లలోంచి ఎత్తేసే రోజులు. కొరిన్ తండ్రి వెర్నన్‌కు పడవలో సాయం కూతురొక్కతే. బోనులన్నీ ఇవాళ ఒడ్డుకు చేరితేనే రేపు దాటిస్తానన్నాడు, లేకపోతే వసంతంలో రాసుకోమన్నాడు. రెండు విడతల బోనులు ఒక్క విడతలో తెద్దామని కొరినే అంది.

"ఎత్తుగా పేర్చకండి," అంది మార్లీన్.

"నీ కూతురు ఎటు కూర్చుంటే పడవ అటు ఒరుగుతోంది. నా లెక్క నాకుందిలే," అన్నాడు వెర్నన్.

పోయిన డిసెంబరులో మార్లీన్ తమ్ముడు రూబెన్ ఇలాగే బోనులు ఒక వరస ఎక్కువ పేర్చాడు. పడవ బోర్లాపడింది, అతను తిరిగి రాలేదు. అప్పట్నుంచి మార్లీన్ మాటలు తగ్గించేసింది. రేవులోకి వచ్చేవాళ్లను లెక్కపెట్టడమే పని.

ఇంకా వంటబట్టని మాటల చీటీలు కొరిన్ సంచీలో పెట్టుకోబోతే మార్లీన్ లాక్కుని తన జేబులో వేసుకుంది. ఆ పడవలో ఇంకా బరువు వద్దు.

మధ్యాహ్నం దాకా కిటికీకీ పొయ్యికీ మధ్య తిరిగింది. అప్పుడు పడవలతో మాట్లాడే వంటింటి రేడియోలో వెర్నన్ పలికాడు. రేవు బయట అల కొట్టింది. బోనుల దొంతర ఎడమకు జారింది, పడవ వాలిపోయి లేవడం లేదు. తాళ్లు కోయడానికి అందడం లేదు. నెమ్మదిగా చెప్పాడు. ఆవిణ్ణి భయపెట్టింది అదే.

"కొరిన్ ఎక్కడ?"

"కుడి అంచున కూర్చుంది. చాలట్లేదు. ఇంకాస్త బరువుంటే లేచేది."

మార్లీన్ జేబు తడుముకుంది. చీటీలన్నీ అక్కడే ఉన్నాయి.

"కొరిన్, విను. ఎంత బతిమాలినా కరగనివాణ్ణి ఏమంటారు?"

"నాన్న అంటారు." పిల్ల పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"ఆటలొద్దు, చెప్పు."

"...ఆబ్‌డ్యురేట్."

రేడియోలో చెక్క కిర్రుమంది.

మార్లీన్ ఇంకొకటి అడిగింది. కొరిన్ తప్పు చెప్పింది. అర్థం విడమర్చి, మళ్లీ అడిగింది. ఏడాదిగా దాచుకున్న గొంతంతా వాడేసింది. సాయానికి బయల్దేరిన పడవలు ఇంకా దూరంలోనే ఉన్నాయి. వాటిలోవాళ్లంతా తమ రేడియోల్లో వింటూనే ఉన్నారు, ఎవరూ అడ్డుపడలేదు. ఒక పడవలోంచి ముసలి అంబ్రోస్ మాత్రం ఒకసారి, "ఆ మూడోదాని అర్థం మళ్లీ చెప్పమ్మా, నాకు అందలేదు," అన్నాడు. ఆవిడ చెప్పింది. అది కొరిన్‌కూ అప్పుడే వంటబట్టింది.

చేతిలో ఒక్క చీటీ మిగిలింది. అడిగింది.  గాలి హోరులో కొరిన్ ఆ మాట తొందరపడకుండా పలికింది.

"లేచింది," అన్నాడు వెర్నన్.

చీకటిపడే వేళకు పడవ రేవు చేరింది. కొరిన్ దిగుతుంటే నిచ్చెన మెట్టొకటి విరిగింది. ఆ పిల్ల ఒంటిమీద దుప్పటి సర్దుతూ వెర్నన్ నెమ్మదిగా అన్నాడు: "రేపు తెల్లారకముందే దాటిస్తా. కాలేజీకి వెళ్లాక నీ బదులు మనిషిని చూసుకుంటాలే. ఇద్దర్ని చూసుకోవాలేమో, నీ బరువుకి."

మార్లీన్ లెక్కపెట్టింది. వెర్నన్. కొరిన్. ఇద్దరు. నమ్మకం చాలక ఇద్దర్నీ చేత్తో ముట్టుకుని మళ్లీ లెక్కపెట్టింది. ఇద్దరూ.