ఏడో తరగతి అమ్మలు ఓడిన రోజు

మా ఇంట్లో నోరు లేనివాళ్ళంటూ ఎవరూ లేరు. మా అత్తగారు శౌరమ్మ జపమాల చెప్పించడం మొదలుపెడితే వీధి చివరి పాలబూతు దాకా వినబడుతుంది. నేను డయాగ్నస్టిక్ సెంటర్లో రిసెప్షన్ దగ్గర కూర్చుని పొద్దస్తమానం పేషెంట్ల పేర్లు పిలుస్తుంటాను. మైకు పాడైతే మా మేనేజరు బాగు చేయించలేదు, నువ్వుండగా మైకెందుకన్నాడు. మా ఆయన పాల్ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పని చేస్తాడు. ఆయన లారీ డ్రైవర్లతో మాట్లాడేటప్పుడు అసలు ఫోను అవసరమా అనిపిస్తుంది. అలాంటి ఇంట్లో పుట్టిన మా స్టెల్లా మాత్రం రెండేళ్ళుగా గడప దాటితే నోరు విప్పడం లేదు.

ఇంట్లో బాగానే మాట్లాడుతుంది. నాయనమ్మతో పోట్లాడుతుంది, నా వంటకు వంకలు పెడుతుంది. బయటికొస్తే తల ఊపడమే. కొట్టువాడికి కావాల్సింది చేత్తో చూపిస్తుంది, చర్చిలో ఫాదర్ గారు పలకరిస్తే నా చున్నీ వెనక్కి పోతుంది.

ఇదంతా ఐదో తరగతిలో మొదలైంది. అప్పుడు ప్రైవేటు స్కూల్లో చదివేది. క్లాసులో తెలుగు మాట్లాడకూడదని అక్కడ రూలు. ఒకరోజు పక్కన కూర్చున్న పిల్లవాడికి ముక్కులోంచి రక్తం కారుతుంటే ఇది లేచి, "టీచర్, వీడికి రక్తం వస్తంది!" అని అరిచింది. పిల్లవాడికి రక్తం తుడిచారు. దీని మెడలో మాత్రం తెలుగులో మాట్లాడానని రాసిన అట్ట వేలాడదీసి, సాయంత్రం దాకా గోడ దగ్గర నిలబెట్టారు. మర్నాడు నేను వెళ్ళి ప్రిన్సిపాల్ గదిలో వేసిన కేకలకు ఆయన నాకు క్షమాపణ చెప్పాడు. ఏం లాభం? పిల్ల నోరు మూతపడనే పడింది.

ఆరో తరగతికి తీసుకొచ్చి మా ఇంటికి దగ్గర్లోని మునిసిపల్ హైస్కూల్లో చేర్చాను. గవర్నమెంటు బడిలోనా అని ముక్కు విరిచిన చుట్టాలకు నా నోటితోనే సమాధానం చెప్పాను. కానీ ఏడాదిన్నర గడిచినా అక్కడ కూడా పిల్ల మాట్లాడుతున్న జాడ లేదు. అదే నన్ను లోపల తినేస్తోంది.

మా ఆయనకు ఓపిక అయిపోయింది. హనుమాన్ జంక్షన్లో ఉండే వాళ్ళక్క అక్కడొక హాస్టల్ స్కూలు చూసి పెట్టింది. "నలుగురు పిల్లల్లో పడేస్తే అదే మాట్లాడుద్ది. అన్నం కావాలంటే నోరు తెరవక తప్పదుగా" అంటాడు. చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. భయపడ్డ మగవాడు ఎక్కడెక్కడి తెలివితక్కువ ఉపాయాలూ చెబుతాడు. చివరికి ఇద్దరం ఒక మాట అనుకున్నాం. డిసెంబరులో బడిలో తల్లిదండ్రుల మీటింగు ఉంది. క్లాస్ టీచర్ని అడుగుదాం. అప్పటికీ పిల్ల మాట్లాడకపోతే క్రిస్మస్ కాగానే హాస్టలుకు పంపుదాం. సరేనని ఎందుకన్నానో నాకే తెలియదు.

మీటింగు రోజు పొద్దున జడ వేస్తుంటే స్టెల్లా అద్దంలో నన్నే చూస్తూ, "నన్ను జంక్షన్ పంపించేస్తారా అమ్మా?" అంది.

"ముందు కదలకుండా కూర్చో" అన్నాను. జడ ఇంకాస్త బిగించాను.

బడి పెళ్ళివారిల్లులా ఉంది. గేటుకు మామిడాకులు, గ్రౌండు నిండా అమ్మలు వేసిన ముగ్గులు, వరండాలో కుర్చీలు. మీటింగంటే పిల్లల మార్కులు చెప్పి పంపెయ్యరు. అమ్మలకు ముగ్గుల పోటీ, టగ్ ఆఫ్ వార్, ఆ తర్వాత పిల్లలతో కలిసి బడి భోజనం.

స్టెల్లా వాళ్ళ క్లాస్ టీచరు కనకలక్ష్మి గారు. మమ్మల్ని కూర్చోబెట్టి, అడక్కముందే చెప్పారు. "దాచి లాభం లేదండీ. ఇప్పటిదాకా క్లాసులో స్టెల్లా గొంతు నేను వినలేదు. లెక్కలు చకచకా చేసేస్తుంది. బోర్డు మీద రాయమంటే రాస్తుంది. పక్కన కూర్చునే సాయిశ్రీ చెవిలో మాత్రం ఏదో గుసగుసలాడుతుంది. నేనూ బలవంతం చెయ్యట్లేదు. మీరు కూడా తొందరపడకండి."

మా ఆయనకు మొదటి మాటలే వినబడ్డాయి. వరండా దిగగానే, "విన్నావుగా" అన్నాడు. "అక్కకి ఫోన్ చేసి సీటు ఖాయం చెయ్యమంటాను."

గుసగుసల సంగతి చెప్పబోయాను. గుసగుసలదేముంది, బయటికొస్తే నీ చెవిలో కూడా చెబుతుందిగా అన్నాడు. కాస్త దూరంలో స్టెల్లా సాయిశ్రీ చెయ్యి పట్టుకుని మా ఇద్దరి మొహాలూ చూస్తోంది.

అప్పుడే పీఈటీ సారు మైకులో ఏడో తరగతి అమ్మలకూ ఎనిమిదో తరగతి అమ్మలకూ టగ్ ఆఫ్ వార్ అని పిలిచారు. మా జట్టులో ఒక మనిషి తక్కువైంది. రైతుబజార్లో కూరగాయలమ్మే మాణిక్యమ్మ, సాయిశ్రీ వాళ్ళమ్మ, వచ్చి నా రెక్క పుచ్చుకుంది.

"రా వదినా. నిన్ను చూస్తేనే ఎనిమిదోళ్ళు సగం చచ్చిపోతారు."

"నేను రాను మాణిక్యమ్మా, నాకు మనసు బాలేదు."

"మనసుతో పనేంటి, ఒళ్ళుంటే చాలు" అని లాక్కుపోయింది. చెప్పులూ బ్యాగూ మా ఆయన చేతిలో పెట్టి, చున్నీ నడుముకు బిగించాను. నన్ను తాడుకు చిట్టచివర నిలబెట్టారు. చివర ఉన్నవాళ్ళే జట్టుకు ఆధారమట.

మొదటిసారి వాళ్ళు లాగేశారు. రెండోసారి మేము లాగాం. మూడోసారి తాడు అందుకునేసరికి నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆ అట్ట రాసినవాళ్ళ మీద, మా ఆడపడుచు మీద, హాస్టల్ మీద, చెప్పులు పట్టుకుని దిక్కులు చూస్తున్న మా ఆయన మీద, ఉన్న కోపమంతా చేతుల్లోకి తెచ్చుకుని లాగాను. ఎనిమిదో తరగతి అమ్మలు గీత వైపు జారుతున్నారు. ఇంకో జానెడు లాగితే గెలుపు మాదే. చుట్టూ పిల్లలందరూ అమ్మా, అమ్మా అని ఒకటే గోల.

అంత గోలలో ఒక గొంతు విన్నాను.

"అమ్మా! లాగమ్మా! లాగూ!"

గ్రౌండులో ఉన్నవాళ్ళందరూ ఎవరో ఒకరి అమ్మలే, కానీ ఆ పిలుపు నాది. అచ్చం మా అత్తగారి గొంతు, పాలబూతు దాకా వినబడే గొంతు. నేను రెండు చేతులూ వదిలేసి వెనక్కి తిరిగాను.

తర్వాత ఏమైందో చెప్పనక్కర్లేదు. నేను వెల్లకిలా పడ్డాను. మా జట్టంతా ముందుకు కొట్టుకుపోయి ఒకరి మీద ఒకరు బోర్లా పడ్డారు. అందరి కిందా ఉన్న మాణిక్యమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఎనిమిదో తరగతి వాళ్ళు ఎగిరి గంతులేస్తున్నారు.

స్టెల్లా గుంపును తోసుకుంటూ వచ్చింది. మొహం ఎర్రగా కందిపోయింది.

"తాడు ఎవరైనా వదిలేస్తారా అమ్మా? గెలిచేవాళ్ళంగా! ఇంకొంచెం లాగితే గెలిచేవాళ్ళంగా! నీవల్లే పోయింది అంతా!"

గ్రౌండంతా వినబడేలా అరుస్తోంది. వాళ్ళ క్లాసు పిల్లలు గోల ఆపేసి దాని వైపే నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. సాయిశ్రీ మాత్రం ఇందులో వింతేముందన్నట్టు వాళ్ళమ్మను లేపుతోంది. కనకలక్ష్మి టీచరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. స్టెల్లాకు ఇవేవీ పట్టలేదు. నన్ను అక్కడే మట్టిలో వదిలేసి పీఈటీ సారు దగ్గరికి నడిచింది.

"సార్, ఇది లెక్కలోకి రాదు సార్. మా అమ్మ చూసుకోకుండా వదిలేసింది. మళ్ళీ పెట్టండి సార్."

పాపం, ఆయన ఈల నోట్లో పెట్టుకుని తీశారు. నేను లేవలేదు. మోచెయ్యి దోక్కుపోయింది, నడుం పట్టేసింది, నవ్వు ఆగడం లేదు, కళ్ళ నీళ్ళు ఆగడం లేదు. అందరి ముందూ కూతురి చేత అన్ని చీవాట్లు తిని అంత సంతోషపడ్డ తల్లి ఇంకొకతె ఉండదు. ఇన్నాళ్ళకు నాకు ఊపిరాడింది.

మా ఆయన కోసం చూశాను. నా చెప్పులు చంకలో ఇరికించుకుని, ఫోను చెవిన పెట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఎప్పట్లాగే గ్రౌండంతటికీ వినబడేలా మాట్లాడుతున్నాడు.

"అక్కా, హాస్టల్లో సీటు వద్దని చెప్పెయ్. ఆఁ, ఏం జరగలేదే. స్టెల్లా వాళ్ళమ్మని తిడతంది. బళ్ళో అందరి ముందూ నిలబడి తిడతందక్కా, ఇదిగో, నువ్వూ విను."