పెన్షన్ సభలో ప్రారంభ ప్రార్థన

బ్యాంకు ఉద్యోగం మానేసి కరీంనగర్‌లో పాస్టర్ల పెన్షన్ నిధికి సెక్రటరీగా చేరిన రోజున మా అమ్మ ఒకటే మాట చెప్పింది. "రోజారాణీ, అయ్యగార్లతోని వాదానికి దిగకు. దేవుణ్ని నడుమకు తెస్తరు." నేను వింటేగా.

మా నిధి రిటైరైన పాస్టర్లకు పెన్షన్ ఇస్తుంది, జబ్బు చేస్తే వైద్యం చేయిస్తుంది. వాళ్ల భార్యలకు మాత్రం ఏమీ లేదు. భర్త వెంట ఊరూరా తిరిగి, వచ్చిన ప్రతివాడికీ వండి పెట్టిన ఆ అమ్మగార్లు మంచాన పడితే, ప్రార్థన చేస్తామని చెప్పి పంపేసేవాళ్లం. నాకు ఒళ్లు మండేది. అందరి పెన్షన్లోంచి కొంచెం కోసి భార్యలకు కూడా వైద్యం అందేలా తీర్మానం రాశాను. ఆ రోజు సభలో అది గట్టెక్కకపోతే మళ్లీ ఏడాది దాకా ఆ ఊసే ఉండదు.

బుద్ధి గడ్డి తిని, ప్రారంభ ప్రార్థనకు రాంచందర్ అయ్యగారిని లేపాను. లక్సెట్టిపేటలో రిటైరైన పెద్దమనిషి. కోత అంటే ఆయనకు కోపం.

"ప్రభువా, గీ కొత్త సెక్రటరీ బిడ్డకు జర బుద్ధి ఇయ్యి. మా పెన్షన్ మీదికి కత్తెర పట్టుకొని వచ్చింది. ఆ కత్తెర జర పక్కకు పెట్టియ్యి తండ్రీ."

ముసలి పాస్టర్లు ఆమెన్ అన్నారు. ప్రార్థన చేసేవాళ్లకు అడ్డు తగలడం మాలో ఎక్కడా లేదు. కూతురికి చెప్పి కోడలికి వినిపించడం లోకంలో ఉన్నదే. ఈయన దేవుడికి చెప్పి నాకు వినిపిస్తున్నారు. ఆయన ఊపిరి పీల్చుకున్న సందు చూసి నేనూ కళ్లు మూసుకున్నాను.

"తండ్రీ, అయ్యగారి గుండెకు స్టెంటు ఏయించింది గీ నిధేనని నీకు ఎరుకే. అమ్మగార్లకు సుత గుండెలుంటయని ఆయనకు జర యాది చెయ్యి."

ఇచ్చోడ నుంచి వచ్చిన అంబదాస్ అయ్యగారు అందుకున్నారు. "ప్రభువా, లొల్లి బువ్వ తిన్నంక పెట్టుకునేటట్టు చెయ్యి. మటన్ సల్లారుతుంది."

దీనికి మాత్రం ఆమెన్ హాలు దద్దరిల్లేలా వచ్చింది.

రాంచందర్ అయ్యగారు తగ్గలేదు. ఈసారి బైబిల్లో మోషే పుట్టిన దగ్గర ఎత్తుకున్నారు. ఆయన ఐగుప్తులో తిరుగుతుండగానే నా కాళ్లు పీకడం మొదలైంది. ఎర్ర సముద్రం ఇంకా రానే లేదు. నా తీర్మానం అందులో మునిగినట్టేనని ఏడుపొచ్చింది. ఆయన గుటక మింగడానికి ఆగారు.

"ప్రభువా," అని వెనక బెంచీ నుంచి ఒక ఆడగొంతు లేచింది. రాంచందర్ అయ్యగారి భార్య పద్మలతమ్మగారు. అమ్మగార్లకు మా సభలో ఓటు లేదు, మాట్లాడే హక్కు లేదు. ప్రార్థన చేస్తే మాత్రం ఎవరు ఆపుతారు?

"షుగర్‌తోని నా కంటి నరాలు ఖరాబైనయి ప్రభువా. కంట్ల సూదులు ఏయాలె, లేకుంటే సూపు పోతదన్నడు డాక్టరు. కుడికన్ను ఇప్పటికే మసక. ఈయనకు చెప్పలే. గుండె మనిషి, పరేషాన్ అయితడు. నువ్వు సుత చెప్పకు తండ్రీ. ఆమెన్."

ఎవరి నోటా ఆమెన్ రాలేదు. రాంచందర్ అయ్యగారు వెనక్కి తిరిగి భార్యను చూశారు. "ప్రభువా, గీమె..." అన్నారు. మెల్లగా చెయ్యి ఎత్తారు.

"ఇంకా ప్రార్థనా అయ్యగారూ?" అన్నాను భయంగా.

"కాదు బిడ్డా. తీర్మానానికి. నా ఓటు రాసుకో."

ఆయన్ని చూసి తక్కిన చేతులూ లేచాయి. అందులో మటన్ కోసం లేచినవి ఎన్నో నేను అడగలేదు. తీర్మానం నెగ్గింది. తీర్మానాల పుస్తకం అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చాను.

భోజనాలకు వెళ్తూ, రాంచందర్ అయ్యగారు భార్య చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతున్నారు. "గింత సంగతి నాకు చెప్పకపోతివి. ఇంట్లనే ఉంటి గద," అని గొణుగుతున్నారు.

"ఎప్పుడు చెప్పాలె?" అందావిడ. "పొద్దున లేస్తే మీరు దేవునితోనే మాట్లాడుతుంటిరి. నాకు సందు దొరికింది ఇయ్యాల్నే."